తాళలేని దుఃఖమునకు తాళము

సోదరీమణులారా! ఈ నెల మనము సంగీతమును, లెక్కలను, కన్నీటిని ఒక్కచోట చేర్చి ముచ్చటించుకొందము. ఈ మూడింటికిని పొత్తెట్లు కుదురునని మీరు నవ్వవచ్చును. లెక్క బుద్ధికి సంబంధించినది. కన్నీరు హృదయమునకు సంబంధించినది. ఒకటి పొడి, ఒకటి తడి. ఏడ్చువారు లెక్క పెట్టలేరనియు, లెక్క పెట్టువారికి ఏడుపు రాదనియు లోకుల యభిప్రాయము. కాని గానవిషయమున ఈ యభిప్రాయము నిలువదు. మనసును మిక్కిలి కలచివేయు పాటలు కొన్ని మిక్కిలి గట్టి లెక్కమీద నడచుచున్నవి. అది యేలనో విచారించుటయే నేటి ప్రసంగమునకు విషయము.

మన భాషలో 'తాళము' అను మాట వింతయైనది. పాటకు వేయునది తాళము. పెట్టెకు వేయునది తాళము. 'తాళలేను' అన్నచో ఓర్చుకొనలేనని యర్థము. ఈ మాటల పుట్టువులు వేరైనను చెవికి మాత్రము ఒక్క యింటి తోడికోడండ్రవలె వినబడును. తాళలేని దానిని తాళుటకే మనుష్యుడు తాళము కనిపెట్టెనేమో యని నాకు తోచుచుండును. ఇది వట్టి చమత్కారము కాదనుటకు పెద్దల సాక్ష్యమే కలదు.

వాల్మీకి మహర్షి కథ మీ రెరుగనిది కాదు. తమసానదీ తీరమున బోయవాడు క్రౌంచపక్షుల జంటలో మగదానిని కొట్టెను. ఆడుపక్షి విలపించెను. ఆ విలాపము విన్న ముని నోట నొక వాక్యము వెడలెను. శోకమే శ్లోకమయ్యెనని మనము చెప్పుకొందుము. అయితే తరువాత జరిగినదానిని మనము తరచుగా మరచిపోదుము. తన నోట వెడలిన మాటకు తానే యాశ్చర్యపడి, శిష్యుడైన భరద్వాజునితో ఆ ముని మొట్టమొదట చెప్పిన దేమి? పక్షిని గూర్చి కాదు, బోయవానిని గూర్చి కాదు. ఈ మాట పాదములుగా కట్టబడినదనియు, అక్షరములు సమముగా నున్నవనియు, తంత్రికిని లయకును ఒదుగునదనియు చెప్పెను. అనగా లెక్క సరిపోయినదని చెప్పెను! పాదమునకు 8 అక్షరములు, పాదములు 4, వెరసి 32. ఆదికవి హృదయము బ్రద్దలైనప్పుడు అందుండి వెలువడినది కూడ ఒక కొలతలోనే వెలువడినది. దుఃఖము కొలతను చెరుపలేదు. కొలత దుఃఖమును చెరుపలేదు. ఒకటి నీరు, ఒకటి కుండ.

ఇప్పుడీ సంగతి నాకు తట్టుటకు కారణము మా యింట కొంతకాలముగా వినబడుచున్న యొక పరదేశ గానము. మా బావగారి కుమారుడు కళాశాలలో చదువుచు మా యొద్దనే యున్నాడు. ఆ పిల్లవాడు రాత్రివేళల వినుచుండు పాటలకు 'మిడ్‌వెస్ట్ ఈమో' అని పేరట. ఎమోషన్, అనగా మనోవేగము, అను మాటను కురచచేసి 'ఈమో' అనిరి. మిడ్‌వెస్ట్ అనగా అమెరికాదేశపు నడిమి రాష్ట్రములు, ఇల్లినాయి మొదలగునవి. 1990 దశకమున అచ్చటి చిన్న చిన్న ఊళ్లలోని విద్యార్థులు తమ యిండ్ల నేలమాళిగలలో కూడి పాడుకొన్న పాటలివి. వీనిలో కొన్నింటికి 'మాథ్ రాక్', అనగా గణితపు రాక్ సంగీతము, అను మరియొక శాఖతో సంబంధము గలదు. వీనిలో తాళము 4 చొప్పున సాఫీగా నడువక 5, 7 మొదలగు బేసి సంఖ్యలలో నడచుచు, నడుమ నడుమ మారుచుండును.

ఈ తెగలో పేరెన్నికగన్నది 'అమెరికన్ ఫుట్‌బాల్' అను వాద్యబృందము 1999లో వెలువరించిన మొదటి సంపుటము. ఇల్లినాయి రాష్ట్రమున అర్బానా అను విశ్వవిద్యాలయపు టూరిలో మైక్ కిన్సెల్లా, స్టీవ్ హోమ్స్, స్టీవ్ లామోస్ అను ముగ్గురు విద్యార్థులు కూడి చేసినది. అందు పాటలు 9. అట్టమీద గాయకుల ముఖములు లేవు. రాత్రివేళ ఒక సామాన్యమైన మేడయింటి పైభాగము, అందొక వెలుగు కిటికీ, అంతే. చదువు ముగియుచుండగా బృందము చెదరిపోయినది. కాని ఆ పాటలు నోటినుండి నోటికి ప్రాకి, విడిపోయినవారిని 2014లో మరల కూర్చినవి. ఆ యింటిని కూల్చకుండ కాపాడుటకై 2023లో బృందమువారును, వారి రికార్డు కంపెనీవారును, మరికొందరును కలసి కొనిరి. ఎవరో కాపురమున్న అద్దెయిల్లు ఎందరికో తీర్థస్థలమైనది. మన త్యాగరాజస్వామి కాపురమున్న తిరువయ్యారు వీథికి పోయినవారికి ఇందలి మర్మము తెలియును.

ఆ పాటలలో ఏమున్నది? విషయము చిన్నది. వేసవి గడచిపోవుట, స్నేహితులు విడిపోవుట, చెప్పవలసిన మాట చెప్పలేకపోవుట. గొంతు పెద్దది కాదు. సగము పాడినట్లును సగము తనలో తాను చెప్పుకొన్నట్లును ఉండును. అక్కడక్కడ ఒక ట్రంపెట్టు దూరముగా మ్రోగును. గిటారును బరబర గీయక మన వీణె మీటునట్లు ఒక్కొక్క తంతిని మీటుదురు. వాడుకలో నుండు శ్రుతిని మార్చి, ఎఫ్, ఏ, సి, జి, సి, ఈ అను స్వరములకు ఆరు తంతులను బిగింతురు. వ్రేలు పెట్టని తంతులు కూడ ఇంపుగా పలికి, పాట సాగినంతసేపు తంబురా శ్రుతివలె వెనుక నిలిచియుండును. పైని రెండు గిటారులు వేర్వేరు నడకలతో అల్లుకొనుచుండును. ఉదాహరణకు ఒకటి 7 లెక్కతోను మరియొకటి 8 లెక్కతోను బయలుదేరినవనుకొనుడు. అవి వెంటనే విడిపోవును. 56 లెక్కలు గడచినగాని మరల ఒక్క గడపయొద్ద కలిసికొనవు. ఆ నడుమ వినువారి ప్రాణము ఎదురుచూచుచుండును. విడిపోయినవి కలియుట కొరకైన ఈ యెదురుచూపులోనే ఆ పాటల కన్నీరంతయు దాగియున్నది. ఈ బృందమువారికి అభిమానపాత్రుడైన స్టీవ్ రైష్ అను అమెరికా సంగీతకర్త 1967లో రచించిన 'పియానో ఫేజ్' అను కృతిలోను ఇదే కిటుకు గలదు. ఇద్దరు వాదకులు 12 స్వరముల వరుస నొక్కటినే మీటుచుందురు. అందొకరు మెల్లమెల్లగా ముందునకు జరిగి జరిగి, తుదకు మరల మొదటి తావునకే వచ్చి కలియుదురు.

ఇది వినగానే నాకు అమెరికా తోచలేదు. మా అమ్మమ్మగారి యింటి రోలు తోచినది. ఒక్క రోటిలో ఇద్దరు స్త్రీలు రెండు రోకళ్లతో దంచుట మీలో పెద్దలు చూచియే యుందురు. ఒక రోకలి లేచినప్పుడు మరియొకటి దిగవలెను; రెప్పపాటు తప్పినచో రోకలి రోకలికి తగులును, చేయి చితుకును. దానికే దంపుళ్లపాట పుట్టినది. పాట తాళము తప్పక నడచినంత సేపు రోకళ్లు ఒండొంటికి అడ్డుపడవు. ఆ పాటలలో ఏమి పాడుకొనిరి? సీతమ్మ కష్టములు పాడుకొనిరి. పదునాలుగేండ్లు మగనిని ఎడబాసిన ఊర్మిళను పాడుకొనిరి. అత్తింటి ఆరళ్లు పాడుకొనిరి. చావడిలో నోరెత్తుటకు వీలులేని మాటలు రోటియొద్దను తిరుగటియొద్దను నిర్భయముగా వెలువడినవి. చేయి లెక్కలో నుండగా నోరు దుఃఖమును చెప్పుకొన్నది. కనుక, గణితమును కన్నీటిని కలిపిన కీర్తి ఎవరికి చెందవలెనని యెవరైన నడిగినచో, నేను మన ముత్తవ్వల పేరే చెప్పుదును.

బేసి సంఖ్యకు హృదయముతో నింత చుట్టరికమేల? మేము కాపురముండు రెజిమెంటల్ బజారు ఇందుకొక పాఠము చెప్పగలదు. సికింద్రాబాదు 1806లో నిజాము సికందర్ జా పేరిట వెలసిన దండు విడిదియూరు. రైలుస్టేషనుకు దాపుననున్న మా బజారు పటాలమునుబట్టి యేర్పడినదని దాని పేరే చెప్పుచున్నది. పటాలపు నడకకు 2, 4, 8 కావలెను. ఎడమ, కుడి, ఎడమ, కుడి. అట్టివారిని 7 లెక్కకు కవాతు చేయుమనుడు! మొదటి చుట్టులో ఎడమకాలిపై పడిన ఊనిక, రెండవ చుట్టులో కుడికాలిపై పడును. మూడవ చుట్టులో మరల ఎడమపై పడును. వరుస తడబడును. అందుచేతనే ఏ సేనయు ఏడింటికి నడువదు. పటాలపు బ్యాండునకు కాలు కవాతు చేయును. ఆషాఢమున బోనాలనాడు మహంకాళమ్మ గుడికి పోవు దారిలో మ్రోగు తీన్‌మార్ డప్పునకు కాలు చిందు వేయును. విలంబముగా నడచు ఏడింటికి మాత్రము కాలు నిలిచి మనసు కదలును.

చీకటిలో మెట్లు దిగుచు, ఎనిమిది మెట్లున్నవని నమ్మి, ఏడవ మెట్టుతోనే నేల తగిలినచో గుండె యొక్కసారి జల్లుమనును గదా! బేసి తాళమున ప్రతి చుట్టునను అట్టి చిన్న జల్లు కలదు. చెవి ఎనిమిదింటికి సిద్ధపడును. పాట ఏడింటికే మరల మొదలగును. ఆ తప్పిపోయిన యొక్కటి ఎక్కడికి పోయినదని మనసు వెదకును. ఉన్నవారు లేకపోవుట యెట్టిదో ఎరిగిన మనసునకు ఆ వెదకులాట క్రొత్తది కాదు.

మన తెలుగునకు ఇంకొక సౌలభ్యము గలదు. ఛందస్సు చదివిన సోదరీమణులకు మాత్రల లెక్క తెలియును; హ్రస్వమునకు 1, దీర్ఘమునకును ద్విత్వమునకు ముందున్న యక్షరమునకును 2. ఇప్పుడు మనము కష్టములో నోటికి వచ్చు మాటలను తూచిచూడుడు. 'ఏమి చేతును': ఏమి 3, చేతును 4. 'ఎందు బోదును': 3, 4. 'రావె తల్లీ': 3, 4. 'చూడవమ్మా' అను మాటయు 'చూడ' 3, 'వమ్మా' 4 గా విరుగును. వెరసి ఏడేడు. ఎవరు నేర్పిరి? బిడ్డ జ్వరముతో మూలుగుచుండగా దేవునియెదుట నిలిచిన తల్లి లఘువు గురువు చూచుకొని మొరపెట్టునా? మన మాటలోనే ఆ నడక యున్నది. దీనినే ఛందస్సులో మిశ్రగతి యందురు, గానములో మిశ్రచాపు అందురు; రగడలలో వృషభగతి యిట్టిదే. ఎనిమిది లెక్కకు పాడవలసివచ్చినచో ఈ మొర చివర నొక మాత్ర సాగదీయవలెను. సాగదీసినచో పాట అగునేమో గాని మొర కాదు. మాట ఎక్కడ ఆగునో తాళమును అక్కడనే ఆపుట మిశ్రచాపులోని రహస్యము. ఆ యమెరికా పిల్లలు గొంతును మాటవలె వాడి, తాళమును మాటకు తగినట్లు విరుచుటయు నిట్టిదే. వారి భాష వేరు, బాధ యొక్కటి.

ఏడింటిలో నుండువన్నియు ఏడ్పుపాటలే యని నేననుటలేదు. ఏ సంఖ్యకును తనంతట రసము లేదు. ఏడింటిని వడిగా నడిపినచో ఉత్సాహము పుట్టును. రాగము, సాహిత్యము, కాలప్రమాణము తోడైనప్పుడే కరుణ కలుగును. అయినను మన పెద్దలు కరుణకు ఈ నడకను పలుమారు కోరుకొనిరని వారి కృతులే చెప్పుచున్నవి.

పదునేడవ శతాబ్దివాడైన మువ్వ క్షేత్రయ్య, తాను గోలకొండ పాదుషా కొలువున కూడ పదములు పాడినట్లు తన పదములోనే చెప్పుకొనెను. ఆ గోలకొండ మా యూరికి పడమట కొన్ని క్రోసుల దూరముననే యున్నది. ఆయన పదములను విలంబముగా, తరచు త్రిపుటలోనో మిశ్రచాపులోనో పాడుట సంప్రదాయము. త్రిశ్రజాతి త్రిపుట యనగా 3, 2, 2, అదియు ఏడే. మగనికై కనిపెట్టుకొనియున్న నాయిక మాటలను ఎనిమిదింటి గుఱ్ఱపుబండిలో నెక్కించక, ఏడింటి పల్లకిలో కూర్చుండబెట్టిరి.

ఇక శ్యామశాస్త్రులవారి సంగతి. ఆయన 1762లో తిరువారూరున పుట్టి, 1827లో తంజావూరున సిద్ధిపొందెను. బంగారు కామాక్షి అర్చకుడు, త్యాగరాజస్వామికి సమకాలికుడు. తమిళసీమలో నుండియు అమ్మవారితో ఎక్కువగా తెలుగుననే మాటలాడెను. లయలెక్కలో ఆయనకు దీటైనవారు అరుదని విద్వాంసుల మాట. మిశ్రచాపును 3, 4 గా గాక 4, 3 గా త్రిప్పివేసి విలోమచాపు చేసి పాడెను. అయినను ఆయన సాహిత్యమున పాండిత్యప్రకర్ష వెదకిన దొరకదు. అమ్మా, నీవు తప్ప దిక్కులేదు, ఇంత యాలస్యమేల, బిడ్డను చూడరాదా. ఇంతకంటె పెద్దమాట యుండదు. భైరవిరాగమున ఆయన రచించిన మిశ్రచాపు స్వరజతి సంగీతము నేర్చు ఆడపిల్లలకు తెలిసినదే. దాని చరణములు 8. మొదటిది షడ్జముతో, రెండవది రిషభముతో, మూడవది గాంధారముతో, ఇట్లొక్కొక్క మెట్టు పైకెక్కి ఎనిమిదవది పైషడ్జముతో మొదలగును. ఇది గణితము కాదా? చెప్పకయే తెలియు నిచ్చెన. కాని వినువారికి నిచ్చెన కనబడదు. మొదట గడపలో నిలిచి మెల్లగా పిలిచిన బిడ్డ, తల్లి పలుకకుండుట చూచి, గొంతు హెచ్చించి హెచ్చించి, తుదకు ఎలుగెత్తి పిలిచినట్లు వినబడును. లెక్కయే మొర యైనది.

మరి గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాలసరములను వెలయించినప్పుడు కోరుకొన్న నడకయు 3, 4 యే గదా! మానము కాపాడుకొనుటకై నిప్పులలో దూకిన బాలిక కథను 'కన్యక'లో ఆ నడకలోనే చెప్పెను. చదువునప్పుడు గొంతు పట్టుకొనును. కాని యొక్క మాత్ర తప్పదు.

ఇచ్చట నొక హెచ్చరిక. లెక్క యున్నంత మాత్రమున పాటకు ప్రాణము రాదు. లెక్కను ప్రదర్శనము చేయువారును గలరు. బొబ్బిలి కేశవయ్యయను విద్వాంసుడు 'భూలోక చాపచుట్టి' యను బిరుదుతో తంజావూరు వచ్చి, 128 అక్షరముల సింహనందన తాళమున పాడగా, శ్యామశాస్త్రులు 79 అక్షరముల శరభనందనమున బదులు పాడి గెలిచెనని యొక ఐతిహ్యము. కథ రమ్యమే. కాని సోదరీమణులారా, ఆ 79 అక్షరముల తాళమును నేడు వేయగలవారెందరు? ఏడింటి భైరవి స్వరజతిని మాత్రము ఇంటింట పిల్లలు పాడుచున్నారు. గెలుచుటకు పుట్టిన లెక్క గెలిచిననాడే తీరిపోయినది; అమ్మను పిలుచుటకు పుట్టిన లెక్క నిలిచిపోయినది.

ఈ భేదము ముగ్గులు వేయు మనకు తెలియనిది కాదు. ఏడు చుక్కలు, సందుచుక్క, నాలుగు వచ్చువరకు. 4, 5, 6, 7, 6, 5, 4. వెరసి 37 చుక్కలు. ఒక్క చుక్క తప్పినచో మెలిక కలియదు. వేయువేళ పెదవుల మీద లెక్క ఆడుచునే యుండును. తీరా వేసిన పిమ్మట వాకిట నడచువారు ముప్పదియేడు చుక్కలున్నవందురా? తామరపూవందురు. పాటలోని లెక్కయు నట్లే పూవులో దాగవలెను. గాయకుని చేతిలో అంకెలు కనబడినచో అది గారడి. అంకె కనబడక కన్ను చెమర్చినచో అది గానము. ఆ పరదేశపు పాటలలో మంచివానికిని చెడ్డవానికిని ఇదే గీటురాయి.

ఇంతవరకు పాటలమాట. ఇక పిల్లవానిమాట. మా బావగారి కుమారుడు రెండేండ్ల క్రిందట తల్లిని పోగొట్టుకొనెను. ఆనాడు పదిమందిలో ఒక్క బొట్టు కన్నీరు విడువలేదు. 'వీడు రాయి' అని కొందరు, 'మగవాడు, గట్టివాడు' అని కొందరు ననిరి. రెండును పొరపాటే. ఆనాటినుండి మాట తగ్గినది. అన్నము పిలిచినప్పుడు తినును. పిదప ఇయర్‌ఫోనులు చెవులలో పెట్టుకొని గోడవైపు తిరిగి పరుండును. చుట్టములలో పెద్దలు, ఆ ఫోను లాగివేయుడు, ఏడ్పుపాటలు విని పాడగుచున్నాడు, అని చెప్పిరి. మావారు బడిలో గణితము చెప్పువారగుటచే, లాగుటకు ముందు లెక్క చూడవలెననిరి. నేనొకనాడు అడిగితిని. నాయనా, ఇందులో నీకేమి కనబడుచున్నదని. వాడు చాలసేపు పలుకలేదు. పిమ్మట, "లెక్క పెట్టుకుంటూ వింటాను పిన్నీ. లెక్కలో ఉన్నప్పుడే ఏడుపు వస్తుంది. ఊరికే కూర్చుంటే రాదు" అనెను.

ఈ మాటను నేను పలుమార్లు తలపోసితిని. మనసు తన గడపలో నొక కావలివానిని పెట్టుకొనును. పదిమందిలో పరువు పోకుండ చూచుట వాని పని. 'ఏడువు, నాయనా' అని మనము బలవంతపెట్టినకొలది వాడు తలుపు బిగించును. ఆ కావలివానికి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టు పని యప్పగించినచో, వాడు లెక్కలో మునిగియుండగా లోనున్న దుఃఖము మెల్లగా వెలుపలికి వచ్చి కూర్చుండును. మన ముత్తవ్వలకు రోకలి చేసిన యుపకారమును ఈ పిల్లవానికి ఆ బేసితాళము చేయుచున్నది. మనయిండ్ల రోళ్లు మూలబడినవి, తిరుగళ్లు అటకలెక్కినవి. దుఃఖము మాత్రము ఎక్కడికిని పోలేదు. అది తనకు కావలసిన లయను ఎక్కడనో వెదకుకొనును. అర్బానానుండి వచ్చినను కాదనదు.

అయితే విషాదగానము పిల్లలకు మంచిదా యని కొందరడుగుదురు. అడుగవలసినదే. కరుణ యొక్కటే రసమనియు, తక్కినవన్నియు దాని రూపభేదములే యనియు భవభూతి ఉత్తరరామచరితమున చెప్పించెను. సీతాపరిత్యాగమును నాటకముగా చూచి ఏడ్చినవాడు ఇంటికి తేలికపడి పోవును. కావుననే దానిని రసమనిరి. కాని పాటతో తేలికపడుట వేరు, పాటలో మునిగిపోవుట వేరు. పిల్లవాడు పాట విన్న పిదప లేచి అన్నమునకు వచ్చుచున్నాడా, నిద్రపోవుచున్నాడా, నలుగురితో నొక మాట యాడుచున్నాడా యని గమనింపుడు. వచ్చుచున్నచో పాట పని చేయుచున్నది. రాక, తిండిని నిద్రను విడిచి, బ్రతుకు వలదను మాటలు పలికినచో, పాటను నిందించుచు కాలము వృథాచేయక వైద్యునికి చూపుడు. తాళము ఓర్పునకు తోడుగాని ఔషధమునకు మారుగాదు.

నేనేమి చేసితినని మీరడుగుదురు. గొప్ప యేమియులేదు. ఇయర్‌ఫోనులలో నొకటి నా చెవిలో పెట్టుకొని, ప్రక్కన కూర్చుండి, తొడపై చేయి వేసి లెక్క పట్టితిని. ఏడు. మరునాడు వానికి మిశ్రచాపు చూపితిని. వాడు నాకు గిటారు నడక చెప్పెను. నేను వానికి భైరవి స్వరజతి వినిపించితిని. మూడవ చరణమున వాడు "అమ్మ పాడేది" అనెను. రెండేండ్లలో ఆ మాట వాని నోట వినబడుట అదియే మొదలు. అంతకుమించి మేమిద్దరమును మాటలాడలేదు. తాళము మాత్రము ఆపలేదు.

ఈ నెల మీరు చేయదగిన చిన్న సాధన యిది. ఒకటి మొదలు ఏడువరకు మెల్లగా, సమముగా లెక్క పెట్టుడు. ఒకటవ, నాల్గవ, ఆరవ లెక్కలయందు చేయి వేయుడు. 'తకిట తకధిమి' అని నోట పలికినచో లెక్క తానే కుదురును. నాలుగైదు దినములలో చేయి నడకను పట్టుకొనును. అప్పుడు 'ఏమి చేతును', 'రావె తల్లీ' అను మాటలను దానిపై పలికి చూడుడు. అవి యెక్కడను అడ్డుపడక కూర్చుండుట చూచి మీరే ముచ్చటపడుదురు. పాడుట వచ్చినవారు తమకు తెలిసిన మిశ్రచాపు పాట నొక్కదానిని ఇంటిల్లిపాదిచేత తాళము వేయించుచు పాడుడు. పిల్లలు తమ పాట తెచ్చినచో దానిని త్రోసివేయక, అది ఎన్ని లెక్కలో కనుగొనుడు. మీ కర్థము కాని భాష యైనను అంకె అర్థమగును. అంకె అర్థమైన పిమ్మట బాధ యర్థమగుటకు ఎంతోసేపు పట్టదు.

మన యిండ్లలో మాటలేక మ్రగ్గుచున్నవారు పిల్లలే కాదు. పెనిమిటిని పోగొట్టుకొన్న వదినగా రుందురు. బిడ్డలు దూరదేశములకు పోగా సాయంకాలము వాకిట కూర్చుండు అత్తగా రుందురు. వారిని 'ఏడువకు' మనియు, 'ఏడువు' మనియు ఆజ్ఞాపింపకుడు. ప్రక్కన కూర్చుండి చేయి అందిచ్చి, ఒక పాట నందుకొనుడు. ఏడవ లెక్కయొద్ద పాట మరల మొదలగును. ఎన్నిమారులు విరిగినను మరల మొదలగుటయే తాళమునకు ధర్మము. తాళువారికిని అదియే ధర్మము.